సుగుణ సిస్టర్‌కు నేను చెప్పిన అబద్ధం

కిడ్నీలు చెడినవారి ఊపిరిలో మూత్రపు వాసన లాంటిది ఒకటి ఉంటుంది. నిన్న ఉదయం విద్యార్థినులతో వార్డుకు వెళ్లి, ఒక రోగి మీదికి వంగగానే అది తగిలింది. సుగుణ సిస్టర్ గుర్తొచ్చారు.

రెండువేల దశకం మొదట్లో నేను బీఎస్సీ నర్సింగ్ ముగించి టెక్కలి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. అక్కడ హెడ్‌నర్సు ఆమె. పుట్టింది కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో, బాప్టిస్టుల ఇంట. పెద్ద డిగ్రీలేవీ లేవు. నేను చేరిన వారానికే బారువ వైపు నుంచి దాలయ్య అనే కొబ్బరి రైతు నడుంనొప్పితో వచ్చాడు. బీపీ చూసి, డాక్టరు రాసిన నొప్పి బిళ్ల అతని చేతిలో పెట్టబోయాను. సిస్టర్ నన్ను ఆపి, వంగి అతని చీలమండ పైన బొటనవేలితో నొక్కారు. వేలు తీశాకా సొట్ట అలాగే ఉండిపోయింది; కాలికి నీరు పట్టింది.

"ఏటి మావా, ఈ బిళ్లలు ఎన్నాళ్ల నుంచి మింగుతన్నావు?"

"ఏడాదౌతాదమ్మా. కొట్లో అడిగితే ఇత్తారు."

ఆమె నేరుగా డాక్టరు గదికి వెళ్లారు. "ఈ బిళ్ల నేనివ్వనండి, కిడ్నీలు పాడౌతాయి. ముందు రక్తపరీక్ష సేయించండి," అన్నారు. ఆయన మొహం చిట్లించినా అక్కడి నుంచి కదల్లేదు. పరీక్షలో తేలింది, రెండు కిడ్నీలూ దాదాపు పోయాయని.

"నయమౌతాదా అమ్మా?" అని దాలయ్య అడిగాడు. సిస్టర్ అతని పక్కన కూర్చున్నారు. "అవ్వదు మావా. నీకు అబద్ధం సెప్పను. ఉన్నన్నాళ్లూ నేను సూత్తాను." ఇంత కఠినంగా చెప్పాలా అనిపించింది నాకు. కానీ ఆ మాట మీద ఆమె నిలబడ్డారు. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి అతని ఇంటికి వెళ్లేవారు, అతను పోయేవరకూ.

ఆరేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను డ్యూటీ గదిలోకి పిలిచి, చెప్పు విడిచి కాలు చాపారు. "నొక్కు," అన్నారు. నొక్కాను. సొట్ట పూడలేదు. బల్ల మీద ఆమె రక్తపరీక్ష కాగితం ఉంది. "ఇప్పుడు సెప్పు. రోగికి సెప్పినట్టు సెప్పు."

"ఏం కాదు సిస్టర్. మందులకి తగ్గిపోద్ది."

ఆమె కాలు వెనక్కి తీసుకున్నారు. "దాలయ్య మావకీ ఇదే సెప్పేదానివా?" అన్నారు. నేను ఏడ్చాను. నన్ను ఓదార్చిందీ ఆమే. డయాలసిస్ కోసం విశాఖకు తిరిగి తిరిగి, ఏడాదిన్నరకు పోయారు. చూడవచ్చిన వాళ్లు "తగ్గిపోద్దమ్మా" అన్నప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేవారు.

తర్వాత నేను ఎమ్మెస్సీ చేశాను. పై చదువు చదివిన నర్సుకు ఏమేం రావాలో ఇప్పుడు పాఠం చెబుతాను. రోగిని పరీక్షించడం, నిర్ణయం తీసుకోవడం, అతని తరఫున డాక్టరుతో మాట్లాడడం. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. చెడు వార్త చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ ముందు నోటికొచ్చేది "ఏం కాదు" అనే మాటే. దాన్ని మింగి, పక్కన కూర్చుని, ఉన్నది చెబుతాను. ఎంతోమందికి చెప్పాను. ఆమె ఒక్కరికే చెప్పలేకపోయాను.