గడప దాటించిన గీతలు

మా మావయ్యకు పార్కిన్సన్స్ జబ్బు. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరకొచ్చేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. మనం ఆలోచించకుండానే అడుగులు పడేలా చూసే బేసల్ గాంగ్లియా ఆయన మెదడులో సరిగ్గా పనిచేయడం లేదట. నేల మీద గీతలు గీస్తే, వాటిని చూసి దాటడానికి మెదడు వేరే దారి వెతుక్కుంటుందని విజయనగరంలో డాక్టరు చెప్పారు.

ఈ రోజు పొద్దున్న నేను నెల్లిమర్లలో వాళ్లింటికి వెళ్లేసరికి, అత్త సుద్దముక్కతో హాలు నిండా పద్మాల ముగ్గు వేసేసింది. గీతలంటే ఆవిడకు తెలిసినవి అవే మరి! మావయ్య ఆ ముగ్గు ముందు కదలకుండా నిలబడ్డాడు.

"ఏటలా సూస్తన్నావు? నడు మరి!" అంది అత్త.

"ముగ్గు తొక్కమంటావేటే? కాలెట్టడానికి సోటేదీ?" అన్నాడాయన.

నలభై ఏళ్లుగా వాకిట్లో అత్త ముగ్గు తొక్కిన ప్రతివాణ్ణీ తిట్టిన మనిషి మరి ఆయన. అత్త గొణుక్కుంటూ తడిగుడ్డతో అంతా తుడిచి, గడప దాకా అడుగుకో అడ్డగీత గీసింది. మావయ్య ఒక్కో గీతా దాటుకుంటూ, ఎక్కడా ఆగకుండా, గడప కూడా దాటి అరుగు మీదికి వెళ్లిపోయాడు! నేను ఆనందం పట్టలేక చప్పట్లు కొడుతూ వెనకాలే పరుగెత్తాను.

"ఒసే! గీతలన్నీ తొక్కేసినావు, కళ్లు కనిపించవేటి?" అని అరుగు మీంచి కేకేశాడు మావయ్య.

నా బేసల్ గాంగ్లియా బాగానే ఉంది, తిట్లు మాత్రం నాకే పడ్డాయి. గీతలు తొక్కి తిట్లు తిని ఇంత సంతోషపడ్డవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?