లాగు దుకాణం

తొర్రూరు బస్టాండు ఎదురుగా, చెప్పుల కొట్టు మీది రెండు గదుల్లో ఉంటుంది కృప పబ్లిసిటీ. మొత్తం ముగ్గురు. గోడల మీద అక్షరాలు రాసి రాసి యాభై ఐదేళ్లకు చేరుకున్న కృపాకర్ యజమాని. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన నవ్య కంప్యూటర్ మీద బొమ్మలు వేస్తుంది. ఆటోలో మైకు పట్టుకుని ఊరంతా చాటేది ఎల్లక్క. ఆమె గొంతు విప్పితే అంగట్లో బేరాలు ఆగిపోతాయి.

ఆ సోమవారం వెంకట్రాం వచ్చాడు. వచ్చే ఆదివారం ఊళ్లో బేకరీ తెరుస్తున్నాడు. ఆ తర్వాత మానుకోటలో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి.

“ఐతారం జనం ఇరగబడి రావాలె, కృపాకరన్నా. వస్తే మూడు ఊర్ల పని నీదే. రాకుంటే హనుమకొండోళ్లకు ఇస్త.”

కృపాకర్ వెంటనే ఒప్పుకున్నాడు. ఈ పని దొరక్కపోతే పైవారం నవ్య హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లిపోతుంది. ఆమె పోతే ఆ కంప్యూటర్‌ను ముట్టుకునే దిక్కు లేదు.

మంగళవారం బేకరీ అద్దాల తలుపు పని. పిడి పక్కన ‘గుంజు’ అని రాయడానికి ఆయన కుంచె ఎత్తాడో లేదో, వెంకట్రాం అడ్డం పడ్డాడు.

“గుంజు ఏందన్నా, బర్రెను గుంజినట్టు! టీవీలోళ్ల లెక్క మంచి తెలుగు రాయి.”

కృపాకర్ చిన్నబుచ్చుకున్నాడు. నవ్య ఫోనులో వెతికి, “లాగు అంటరట, కాకా” అంది. సరే, జానెడెత్తున, ఎర్రరంగులో, పసుపు నీడ పెట్టి రాశాడు: లాగు. ‘ల’ వంపు చూసుకుని తనే మురిసిపోయాడు. అక్షరం అందంగా కుదిరితే అర్థం వైపు చూసే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

పైన బోర్డుకు ఆదివారం దాకా గుడ్డ కప్పి ఉంది. దారిన పోయేవాళ్లకు కనిపించేది తలుపు మీది ఆ ఒక్క మాటే. ఆ పల్లెల్లో లాగు అంటే నిక్కరు.

బుధవారం పొద్దున్నే, పత్తి అమ్ముకోవడానికి వచ్చిన ముత్తయ్య లోపలికి తొంగిచూశాడు.

“మా మనుమనికి ఒక లాగు సూపియ్యి, బిడ్డా. ఎదిగే పోరడు, జర లూజుగుండాలె.”

“తాతా, ఇది బేకరీ” అన్నాడు వెంకట్రాం.

“పేరేదైతేంది, లాగు సూపియ్యి.”

గురువారానికి అలా అడిగినవాళ్లు పదిమంది అయ్యారు. శుక్రవారం ఇద్దరు దర్జీలు పని అడగడానికి వచ్చారు. దాంతో వెంకట్రాం ఊగిపోతూ మెట్లెక్కి వచ్చాడు.

“బేకరీ పెడ్తనంటే లాగుల దుకాణం జేసినవ్! మా మామ ఫోన్ జేసి, ‘అల్లుడా, నాకు రెండు పక్కకు పెట్టు’ అంటున్నడు!”

నవ్య పెన్ను పడిపోయినట్టు బల్ల కిందికి దూరింది. కృపాకర్ పెదవి కొరుక్కున్నాడు. ఎల్లక్క మాత్రం పగలబడి నవ్వింది. “ఊరంత నీ దుకాణం ముచ్చటే పెడ్తున్నది, సేటూ! ఇంతకన్న పబ్లిసిటీ ఏంది?”

ఆ మాటకు కృపాకర్ కళ్లు మెరిశాయి. “తుడిచేస్తనే, కానీ ఐతారం అయినంక.”

“జనం రాకుంటే?”

“రాకుంటే హనుమకొండోళ్లను పిలుచుకో.” అనేశాడు గానీ, వెంకట్రాం మెట్లు దిగగానే ఎల్లక్క వైపు తిరిగి, రేపు మైకులో ఏం చాటాలో చెప్పడం మొదలెట్టాడు.

శనివారం ఎల్లక్క ఆటో ఊరు కలియదిరిగింది. “అక్కలారా, అన్నలారా! ఈడ లాగులు అమ్మరు, కేకులు అమ్ముతరు! రేపు లాగు దొడుక్కొని వచ్చినోళ్లకు కేకు ముక్క ఉత్తగనే, పైసలొద్దు! తలుపు గుంజుండ్రి, లోపలికి రాండ్రి!”

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని కృపాకర్ పరుగున వచ్చేసరికి సందు మొదట్నుంచే వరుస. బడిపిల్లలు, కబడ్డీ జట్టు, పిక్కలు కనిపిస్తుంటే సిగ్గుపడుతున్న బ్యాంకు మేనేజరు. ముత్తయ్య పంచె కట్టుకునే వచ్చాడు, మనుమడి లాగు మెడలో వేసుకుని. “దొడుక్కున్న లెక్కనే, బిడ్డా. నడుముకు పట్టలే.”

మిట్టమధ్యాహ్నానికే కేకులు అయిపోయాయి. మోచేతుల దాకా క్రీముతో వెంకట్రాం బయటికొచ్చి, వరుసలో మిగిలినవాళ్లకు దండాలు పెట్టి రేపు రమ్మన్నాడు. కృపాకర్ మాట ప్రకారం తడిగుడ్డ పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు.

“దాన్ని ముట్టినవో సూడు!” అని కేకేశాడు వెంకట్రాం. “మానుకోటల గూడ గదే రాయి. భూపాలపల్లిల ఇంకింత పెద్దగ!”

నవ్య అప్పటికే హైదరాబాద్‌కు ఫోను చేసి, ఉద్యోగానికి రావడంలేదని చెబుతోంది, నడిబజారులో ఒంటికాలి మీద గెంతుతూ. కృపాకర్ అటూఇటూ చూశాడు. తడిగుడ్డ భుజాన వేసుకుని, తనూ ఒక గెంతు గెంతాడు.