దెయ్యం కారు నడిపింది నేనే

మా ఆయన వీడియో గేమ్‌లో కార్లు తోలడం మొదలుపెట్టింది కరోనా రోజుల్లో. బెజవాడ వన్ టౌన్‌లో మా చీరల హోల్‌సేల్ దుకాణం మూతపడి ఉంది. ఆయన పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వెళ్ళడానికి చోటు లేక పటమటలోని మా ఫ్లాట్‌లో హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతుండేవాడు. బయట కాస్త సడలించగానే ఆటోనగర్ వెళ్ళి, తెలిసినవాళ్ళ చేత ఇనప పైపులతో ఒక చట్రం వెల్డింగ్ చేయించుకొచ్చాడు. దాని మీద ఏదో పాత కారులోంచి ఊడదీసిన సీటు, ముందు స్టీరింగ్, కింద మూడు పెడళ్ళు, పక్కన గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేక్. అది టీవీ ముందుకి చేరాక మా అత్తయ్య మధ్యాహ్నాలు నడుం వాల్చే దివాన్ మంచం గోడ వారకి జరిగింది.

డ్రిఫ్ట్ అంటే ఏమిటో నాకు చెప్పింది ఆయనే. వినేవాళ్ళు ఇంకెవరూ లేరు కదా, టీ తీసుకెళ్ళిన నన్ను నిలబెట్టి చెప్పేవాడు. మలుపు దగ్గర కారు వెనక భాగాన్ని కావాలనే పక్కకి జారనివ్వాలి. అది బొంగరంలా తిరిగిపోకుండా స్టీరింగ్‌ని జారే వైపుకే తిప్పి, యాక్సిలరేటర్‌తో ఆ జారుడుని నిలబెట్టాలి. కారు అడ్డంగా ఉంటుంది, పోవడం మాత్రం ముందుకే పోతుంది. జపాన్ వాళ్ళ పాత రెండు తలుపుల కార్లంటే ఆయనకి ప్రాణం. తక్కువ బరువు, వెనక చక్రాలకి లాగుడు, బటన్ నొక్కితే కప్ప కళ్ళలా పైకి లేచే లైట్లు. అలాంటి తెల్ల కారు ఒకటి పెట్టుకున్నాడు. పొగమంచులో కొండ మీంచి కిందికి దిగే దారి ఒకటి ఉండేది, అందులో ఎప్పుడూ అదే కారు.

తోలడం కంటే కారుని సర్దుకోవడం మీద ఆయనకి ఎక్కువ మక్కువ. ట్యూనింగ్ అని ఒక పేజీ ఉండేది. టైర్లలో గాలి ఎంత, స్ప్రింగు ఎంత గట్టిగా, ఏ గేరు ఎంత పొడుగు, బ్రేకు ఎంత నొక్కితే ఎంత పట్టాలి, అన్నీ అక్కడ మార్చుకోవచ్చు. జరీ నాణ్యం చూసేటప్పుడు వేళ్ళ మధ్య అంచుని ఎలా రుద్దేవాడో అంత ఓపిగ్గా ఆ అంకెలు మార్చేవాడు. తీరా దారిలోకి దిగాక ఆ ఓపిక ఉండేది కాదు. రెండు మలుపులు బాగానే దిగి మూడో దానిలో గోడకి కొట్టేవాడు. "టైర్లు వేడెక్కలేదు," అనేవాడు.

దుకాణాలు తెరిచాక ఆయన మళ్ళీ పొద్దుననగా వెళ్ళి చీకటి పడ్డాక రావడం మొదలైంది. ఆట ఆదివారాలకి పరిమితమైపోయింది. మిగతా రోజులు ఆ చట్రం మీద పాత దుప్పటి కప్పి ఉండేది.

ఒక మధ్యాహ్నం వంట ముగించి, అత్తయ్య కునుకు తీస్తుంటే, దుప్పటి తీసి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే చెప్పడం కష్టం. అంతకు ముందు వారమే మా కారు తోలడం నేర్పమని ఆయన్ని అడిగాను. "బెజవాడ ట్రాఫిక్‌లో నువ్వా?" అని నవ్వాడు. "ఎక్కడికి వెళ్ళాలో చెప్పు, డ్రైవర్ని పంపిస్తా." ఆయన కోప్పడలేదు, కసురుకోలేదు. నవ్వాడంతే. ఆ నవ్వు నాకు రోజంతా గుర్తుండేది.

సీటు పట్టాలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, ముందుకి జరిగేది కాదు. వీపు వెనక దిండు పెట్టుకుంటే గానీ క్లచ్ అందేది కాదు. మొదట్లో మొదటి మలుపే దాటలేదు. కారు గిర్రున తిరిగేది, గోడకి తగిలేది, కొన్నిసార్లు తలకిందులయ్యేది. దెబ్బ తగలదు, ఎవరూ చూడరు, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నా జీవితంలో అలాంటి పని ఇంకొకటి లేదు. టీవీ సౌండు బాగా తగ్గించి, ఇంజను కూతని చెవులు రిక్కించి వినేదాన్ని.

కొన్ని నెలల తరవాత ఒక రోజు కారు జారింది, నేను కంగారుపడి స్టీరింగ్‌ని బిగపట్టుకోలేదు. అది నా అరచేతుల్లోంచి తనంతట తాను తిరిగింది. సరైన చోట పట్టుకున్నాను. తెల్ల కారు పక్కకి తిరిగి, గోడకి జానెడు దూరంలో, మలుపంతా అలా జారుతూనే వెళ్ళింది. తరవాతి మలుపు ఎదురైంది, కారు రెండో వైపుకి ఊగింది. అదీ దాటాను. కిందికి చేరేసరికి నా జాకెట్టు చెమటకి తడిసిపోయింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. గోడవారన అత్తయ్య అటు తిరిగి పడుకుని ఉంది.

ఆ ఆటలో మన అత్యుత్తమ పరుగు పొల్లుపోకుండా దాచిపెట్టి ఉంటుంది. మళ్ళీ అదే దారిలో దిగినప్పుడు అది గాజులాంటి కారుగా మన ముందు పరుగెడుతుంది. ఆయన దాన్ని దెయ్యం కారు అనేవాడు. ఒక ఆదివారం ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. దెయ్యం కారు మూడో మలుపులో అలవోకగా జారుకుంటూ పొగమంచులో కలిసిపోయింది. ఆయన తెల్ల కారు గోడకి తగిలి ఆగింది.

ఆయన స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను. ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకుంటున్నాను.

"ఆ మధ్య ఒకరోజు బాగానే తోలినట్టున్నా," అన్నాడు, గోడతో చెప్పినట్టు.

ఆ సాయంత్రం ఆ రికార్డుని ఫొటో తీసి తన మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వాళ్ళ మెచ్చుకోళ్ళు అత్తయ్యకి చదివి వినిపించాడు. నేను భోజనం వడ్డిస్తూ విన్నాను. కోపం రాలేదు, నిజంగానే. వింతైన సంతోషం కలిగింది. ఆ మెచ్చుకోళ్ళు దారి తప్పి వచ్చినా చేరాల్సిన ఇంటికే చేరాయనుకున్నాను.

తరవాత జరిగినదానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఒక సోమవారం ఆట పెట్టేసరికి బ్రేకు తేలికైంది. అంతకు ముందు ఎంత తొక్కినా చాలేది కాదు, నా మడమ నొప్పి పుట్టేది. ఇంకోసారి రెండో గేరు పొడుగు పెరిగింది, ఆ గేరులోనే ఇంకా వేగం అందుతోంది. ఆయన ఆ మలుపుల్లో మూడో గేరు వాడతాడు. ఇంజను ఎంత అరిచినా రెండో గేరు వదలని అలవాటు నాది. అంటే ఆ దాచిన పరుగుని ఆయన కూర్చుని చూశాడన్నమాట, నా కాలు ఎక్కడ తడబడుతోందో, చెయ్యి ఎక్కడ బద్ధకిస్తోందో కనిపెట్టాడన్నమాట. మరికొన్నాళ్ళకి సీటు కింది మీట లాగితే సీటు సులువుగా ముందుకి జరిగింది. పట్టాలకి కొత్తగా నల్లటి గ్రీజు రాసి ఉంది. ఆ రోజు దిండు అవసరం పడలేదు. దిగేటప్పుడు సీటుని ఆయన కాళ్ళకి సరిపోయే చోటికి జరిపి దిగాను.

ఆయన రాత్రి అన్నం కలుపుకుంటూ ఎవరితోనో అన్నట్టు, "చివరి మలుపులో ఇంకొంచెం ముందు జారితే టైము తగ్గుతుంది," అనేవాడు. నేను "పెరుగు వేయనా?" అనేదాన్ని. మర్నాడు టైము తగ్గేది. ఆ ఫొటో గ్రూపులోకి వెళ్ళేది. మా పెళ్ళయి అప్పటికి చాలా ఏళ్ళు. ఇంట్లో సామాన్లు, అత్తయ్య మందులు, పెళ్ళిళ్ళకి పెట్టాల్సిన చీరలు, ఇవి కాకుండా మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే. కాపురమంటే ఇలా కూడా ఉండొచ్చు కదా అనుకున్నాను. నోటితో చెప్పకపోతే ఏం, నా కాలి బలం ఎంతో ఆయనకి తెలుసు కదా అనుకున్నాను.

దసరా సెలవుల్లో ఆయన మిత్రులు ముగ్గురు భోజనానికి వచ్చారు. తినడం అయ్యాక ఒకాయన, అందరిలో కాస్త వాగుడుకాయ, దుప్పటి లాగేశాడు.

"ఏదిరా, ఆ కొండ దిగి చూపించు."

"తిన్నాం కదా, ఇప్పుడెందుకు," అన్నాడు మా ఆయన.

వాళ్ళు వినలేదు. కూర్చున్నాడు. మూడో మలుపులో గోడకి కొట్టాడు. మళ్ళీ మొదలుపెట్టి రెండో దానిలోనే తిరిగిపోయాడు. దెయ్యం కారు మాత్రం రెండుసార్లూ చక్కగా దిగి వెళ్ళిపోయింది.

"మరి ఇదెవరు తోలారురా? మీ షాపులో గుమాస్తానా?"

అందరూ నవ్వారు. అప్పుడు మంచం మీంచి అత్తయ్య, తమలపాకుకి సున్నం రాసుకుంటూ, ఎంతో మామూలుగా అంది: "వాడెక్కడ తోలతాడయ్యా! మధ్యాహ్నం పూట మా అమ్మాయి కూర్చుంటుంది. భలే తిప్పుతుందిలే."

ఇన్నాళ్ళూ ఆవిడ నిద్రపోలేదు.

"అయితే చెల్లెమ్మే కూర్చోవాలి," అన్నాడు వాగుడుకాయ. నేను వద్దన్నాను. వాళ్ళు పట్టుబట్టారు. మా ఆయన వైపు చూశాను. "కూర్చో," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుని నేను అనుమతి అనుకున్నాను, ఇంకా నిజం చెప్పాలంటే ఆహ్వానమే అనుకున్నాను. సీటు ముందుకి జరుపుకుని, చీర కుచ్చిళ్ళు పక్కకి దోపుకుని, కొండ దిగాను. ఎక్కడా తగల్లేదు. చివరి మలుపులో దెయ్యం కారుని దాటేశాను. హాల్లో చప్పట్లు మోగాయి.

"చేనేతవాళ్ళ ఆడపిల్ల కదా, మగ్గం తొక్కిన కాళ్ళు," అన్నాడు ఒకాయన. మాది మచిలీపట్నం దగ్గర నేతపని కుటుంబం, పెళ్ళికి ముందు నేనూ నేశాను. దానికీ దీనికీ సంబంధం లేదు. గోడకి కొట్టుకుని కొట్టుకుని నేర్చుకున్నాను. అది చెప్పే వీలు లేకుండా వాగుడుకాయ అందుకున్నాడు: "ఒరే, గల్లాపెట్టె తాళం కూడా ఆవిడకే ఇచ్చెయ్. నువ్వు ఇంట్లో చిక్కుళ్ళు ఒలుచుకో." మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. వాళ్ళకి తాంబూలాలిచ్చి, కింద దాకా వెళ్ళి సాగనంపాడు. పైకొచ్చి టీవీ స్విచ్ ఆపేసి పడుకున్నాడు.

ఆయన దుకాణానికి వెళ్ళిన తరవాత, మర్నాటి మధ్యాహ్నం ఆట పెట్టాను. తెర మీద తెల్ల కారు లేదు. దెయ్యం కారు లేదు. 'కొత్త ఆటగాడు, మీ పేరు రాయండి' అని ఉంది. అన్నీ చెరిపేశాడు. నా పేరు రాసుకోవచ్చు, అడ్డం లేదు. కానీ ఆ కారు మళ్ళీ ఎలా సర్దాలో నాకు తెలియదు. బ్రేకు ఎంత, గేరు ఎంత, నేనెప్పుడూ చూసుకోలేదు. చూసేవాడు ఉన్నాడనుకున్నాను.

మరో రోజు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అడిగాను.

"ఆ కారు ఎందుకు తీసేశారు?"

"ఏ కారు?"

"రెండో గేరు పొడుగు చేసింది మీరే కదండీ. సీటుకి గ్రీజు పెట్టింది మీరే కదా."

"గ్రీజు నేనెందుకు పెడతాను? తుప్పు పడుతుందని వెల్డింగు కుర్రాళ్ళు రాసుంటారు." అద్దంలోకే చూస్తున్నాడు. "పొద్దున్నే గేముల గోలేంటి? టైమైపోతోంది."

వెల్డింగువాళ్ళు చట్రం ఇచ్చి వెళ్ళాక మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఆ మాటే అన్నాను. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఒక ట్రాలీ ఆటో వచ్చి చట్రాన్ని ఆటోనగర్‌కి తీసుకుపోయింది. "ఇల్లు ఇరుకైపోయింది," అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఇల్లు నిజంగానే ఇరుకు.

అత్తయ్య ఆ రోజు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "నేను నోరు జారానా అమ్మా?" అంది.

"లేదత్తయ్యా. మీరు ఉన్నదే చెప్పారు."

"వాడు చిన్నప్పట్నుంచీ అంతే. ఓడితే కేరమ్ బోర్డు ఎత్తేసేవాడు." లేవబోతూ, "నువ్వు అసలు కారు నేర్చుకో. నన్ను కళ్ళాసుపత్రికి తీసుకెళ్దువుగాని," అంది.

డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. నేర్పే ఆయన నా చేతులు చూసి, "మేడమ్, ఇంతకు ముందు తోలేవారాండీ?" అని అడిగాడు. లేదన్నాను. లైసెన్సు వచ్చింది. అత్తయ్యని ఆసుపత్రికి నేనే తీసుకెళుతున్నాను. మా కారుకి క్లచ్ లేదు, గేర్లు అవే పడతాయి. తోలుతుంటే నాకేమీ అనిపించదు.

మొన్న వానాకాలంలో గోడౌన్‌లో నిచ్చెన మీంచి జారి ఆయన మణికట్టు విరిగితే సిమెంటు కట్టు వేశారు. సరుకు కోసం సూరత్ వెళ్ళాల్సి వచ్చింది, ఆ రోజు డ్రైవరు రాలేదు, క్యాబ్ దొరకలేదు. గన్నవరం దాకా నేను తోలాను. పక్క సీట్లో కూర్చుని దారంతా చెబుతూనే ఉన్నాడు, ఇండికేటర్ వెయ్, ఎడమకి ఉండు, ఆ ఆటోని పోనీ. రామవరప్పాడు దాటాక గడ్డి లారీ ఒకటి దారి ఇవ్వకపోతే కుడివైపు నుంచి దాటాను.

"మెల్లగా! ఇది గేమ్ కాదు," అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసింది. నేను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాను: "గుర్తుందన్నమాట మీకు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఏసీ కాస్త తగ్గించమన్నాడు. తగ్గించాను. విమానాశ్రయం దగ్గర డిక్కీలోంచి పెట్టె నేనే దింపాను, ఆయన ఒంటిచేత్తో లాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటే వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద కూర్చుని ఉంది.

"దింపేశావా?"

"దింపేశాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదత్తయ్యా," అని చెప్పి, కారు తాళం మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.