పక్కింటి పాలతో చీజ్ సాస్

మా ఇంట్లో పాలు విరిగితే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అవ్వ ఆ గిన్నెను కొంగుతో కప్పి పెరట్లోకి తీసుకుపోయి, మట్టిలో పోసి, చేతులు కడుక్కుని వచ్చేది. వాటంతట అవి విరిగితేనే అంత. ఇంట్లో మగవాళ్లు దారిలో ఉన్న రోజున కావాలని విరగ్గొట్టడమంటే, అవ్వ దృష్టిలో అది వాళ్ల దారిని తెంపడమే.

ఆ పని నేను అచ్చంపేటలో చేశాను. అవి అరవైల తొలి ఏళ్లు. మాది కిరాణా దుకాణం. బాపు అడవి పల్లెలకు బండి కట్టించుకుని పోయి తేనె, కుంకుడుకాయలు కొనుక్కొచ్చేవాడు. నాకు బేరం పిచ్చి. గుడిలో కొబ్బరికాయ కొట్టేటప్పుడు, సగం చెక్క ఇస్తే దేవుడు ఒప్పుకోడా అని పూజారిని అడిగిన పిల్లని.

ఊరికి కొత్తగా వచ్చిన అడవి ఆఫీసరు భార్య ఒకసారి నాకు కూరగాయలను చీజ్ సాస్‌లో కాల్చి పెట్టింది. చీజ్ హైదరాబాదు నుంచి డబ్బాలో తెప్పిస్తుందట. "ఇన్ని పాలున్న ఊళ్లె డబ్బా ఎందుకమ్మా? నేను ఇంట్లనే చేస్త, రేపు పగటికి రాండ్రి" అన్నాను. ఎలా చేస్తానో అప్పటికి నాకూ తెలియదు. విరగ్గొట్టి, గుడ్డలో కట్టి, నీళ్లు కారనివ్వమని ఆమే చెప్పింది.

అంటే ఆ రోజే పాలు విరగాలి. ఆ రోజు పొద్దున్నే బాపు అడవికి పోయాడు.

"మీ బాపు దారిల ఉన్నడు. పాలు ఇరగ్గొడ్తవా?" అంది అవ్వ.

"మన పాలు కాదవ్వా. పక్కింటామె బర్రె పాలు."

"పొయ్యి మనదే గద."

"పెరట్ల మూడు రాళ్లు పెట్టుకుంట. గిన్నె గూడ గామెదే అడుక్కొస్త. ఇగ మనకేం సంబంధం?"

అవ్వ కూడా దుకాణదారుల ఇంటి మనిషే. "గట్లయితే సరే. మన గడప దాటి లోపటికి తేకు" అంది.

అవ్వ మీద బేరం గెలవడం నాకదే మొదటిసారి. మురిసిపోయాను. పాలు పొంగుతుండగా నిమ్మకాయ పిండితే తెల్లని ముద్దలు ఒకవైపు, పచ్చటి నీళ్లు ఒకవైపు విడిపోయాయి. మూట కట్టి దండేనికి వేలాడదీశాను. ఊళ్లో ఒక్క చినుకు లేదు గానీ, అడవి మీద ఆకాశం నల్లబడింది.

దీపాలు పెట్టే వేళకు బాపు రాలేదు. పాలు పోసే పక్కింటామె చెంబు పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది.

"మా ఆయన ఇంక రాలే అవ్వా. వాగు పొంగిందంటున్నరు. మీకేమన్న కబురు అందిందా?"

బాపు ఎక్కి పోయిన బండిని తోలేది ఆమె మగడే. అది నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు. బేరమాడేటప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ గుర్తురాలేదు. అవ్వ దండెం మీది మూట వైపు చూసింది. నీళ్లు ఇంకా కారుతున్నాయి.

తెల్లవారాక బాపు నడిచి వచ్చాడు, నడుము దాకా బురద. అవ్వ అతని తల నిమిరి, "బండి?" అంది.

"వాగు నడుమ చక్రం ఇరిగిందమ్మా. గాయన నన్ను ఒడ్డుకు నూకి, ఎడ్లను ఇప్పనీకి మల్ల దిగిండు. ఇగ కనవడలే." మనుషులను వెంటబెట్టుకుని బాపు మళ్లీ వాగుకు పోయాడు. ఆఫీసరు కూడా అక్కడికే పోయాడట. ఆయన భార్య రావడం లేదని కబురు పంపింది.

నేను పెరట్లోనే వెన్న కరిగించి, మైదా వేయించి, పాలు పోస్తూ గడ్డకట్టకుండా తిప్పాను. చేతులకు వేరే పని దొరకలేదు. మూటలోని పాల ముద్ద అందులో వేస్తే కరగలేదు, ఎంత నూరినా రవ్వరవ్వగానే ఉంది. ఉప్పు, మిరియాలు కలిపి, ఉడికిన ఆలుగడ్డ, చిక్కుడు మీద పోసి, గిన్నెను వేడి ఇసుకలో దించి మూత మీద నిప్పులు పెట్టాను.

పక్కింటామె మా అరుగు మీద కూర్చునే ఉంది. నిన్నటి నుంచి ఏమీ తినలేదు. అవ్వ గిన్నెలోంచి కొంత పళ్లెంలో పెట్టి ఆమె చేతికిచ్చింది.

"ఏందవ్వా ఇది, తెల్లగ?"

"నీ పాలే బిడ్డా."

ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. "మంచిగనే ఉన్నది. మా ఆయనకు జర ఉంచుండ్రి" అంది.

నేను గిన్నె మీద మూత పెట్టాను.

సాయంత్రానికి అతను వచ్చాడు. ఒక్క ఎద్దుతో వచ్చాడు. రెండోది వాగులోనే పోయింది. మిగిలినదాన్ని గోడ అవతల కట్టేసి ఇంట్లోకి పోయాడు. మగడికి ఉంచమన్నది తీసుకుపోదామని పక్కింటామె వచ్చేసరికి, అవ్వ పెరట్లో గుంట పూడ్చి చేతులు కడుక్కుంటోంది.

"అయ్యో, పారబోసిన్రా?" అంది ఆమె.

"పులిసిపోయింది బిడ్డా" అని, అవ్వ ఇంట్లోంచి అన్నం, పప్పు తెచ్చి ఆమెకిచ్చింది. ఆమె వెళ్లేదాకా ఆగి, గోడ అవతల ఒంటరిగా కట్టేసి ఉన్న ఎద్దును చూస్తూ నన్నడిగింది.

"ఒక్క ఎద్దుతోని తెగిపోయిందంటవా పొల్లా, బేరం?"