అరవై బారల మోకు

కృపావతి చేతిలో కర్రసుత్తి లేచి పడుతూనే ఉంది. కాలవ బురదలో ఆరు నెలలు నానిన కొబ్బరి డొక్కల్ని ఒక్కొక్కటే మొద్దు మీద పెట్టి, నాలుగు దెబ్బలు కొట్టి, తిప్పి మళ్ళీ నాలుగు కొట్టి, పీచు విడిన తర్వాత వేళ్ళతో దులిపి పక్కన వేస్తోంది. పొట్టి పీచు ఒక గుట్ట, పొడుగు పీచు ఇంకో గుట్ట. పొట్టిది గిన్నెలు తోముకోడానికీ, పొయ్యి రాజేసుకోడానికీ. పొడుగుది మోకుకి. ఆ రెండూ కలిపేసి తాళ్ళు పేనేవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆమె కలపదు.

అది నలభై ఆరు ఎండాకాలం. మామిడికుదురుకి అవతల, మా ఊరికీ ఎదురు లంకకీ మధ్య వైనతేయ పాయ ఒకటి ఉంది. అటూ ఇటూ గుంజలు పాతి, వాటి మధ్య లావుపాటి మోకు కట్టి, ఆ మోకు పట్టుకుని లాక్కుంటూ బల్లకట్టు నడిపేవాళ్ళు. మనుషులు, గొడ్లు, కొబ్బరికాయలు అన్నీ దాని మీదే దాటాలి. బల్లలు నేను వేసినవి. నేను వడ్రంగిని. మోకు కృపావతి పేనింది. లాగే చేతులు ఆమె భర్త ఏలీయావి. సర్కారు వేలంలో రేవు పాట పాడుకున్నవాడు కామరాజు గారు.

ఆ పూట బల్లకి మేకులు కొట్టి, మంచినీళ్ళ కోసం వాళ్ళ పాక దగ్గర ఆగాను. ఏలీయా పీచు ఎండబెడుతున్నాడు.

"చూసేరా తాతబ్బాయి గారూ," అన్నాడు. "నన్ను చూసినదానికన్నా ఆ పీచునే ఎక్కువ చూస్తాదండి మా మనిషి."

"నిన్ను చూడకపోతే ఏం తెగదు," అంది ఆమె తలెత్తకుండా. "దీన్ని చూడకపోతే తెగుతాది."

మోకు అరవై బారలు. మూడు పేటలు. పేట పేటకీ పురి ఒక్కలాగే ఉండాలి. ఒక పేట వదులైతే బరువంతా మిగతా రెండింటి మీద పడుతుంది. చివరి రోజున పేటలు కలిపేటప్పుడు వాళ్ళ వాడలోని ఆడవాళ్ళూ మగవాళ్ళూ పదిమంది వచ్చి పట్టుకునేవారు. ఆమె మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి వేళ్ళతో తడుముకుంటూ నడిచేది. ఎక్కడైనా ఆగిందంటే అందరూ ఆగాలి. అక్కడిదాకా విప్పాలి. ఎంత పొద్దెక్కినా సరే. పనంటే నాకు తెలిసింది అదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆమెకి ఒక నియమం ఉంది. ఏటేటా వరద రాకముందే రేవు మోకు మార్చాలి. ఎందుకని ఒకసారి అడిగితే పాత ముక్క ఒకటి తెచ్చి, పురి విప్పి, నా అరచేతిలో దులిపింది. సన్నటి ఇసక రాలింది.

"వరద నీళ్ళలో ఇసక ఉంటాదండి. పేటల్లోకి దూరిపోతాది. లాగినప్పుడల్లా లోపల్నించి కోసేస్తాది. పైకి మట్టుకు బాగానే ఉంటాదండి."

ఆ ఏడు కొత్త మోకు తీసుకెళ్ళి కామరాజు గారి ఇంటి ముందు దింపింది. ఆయన తీసుకున్నారు. కానీ రేవులో కట్టలేదు. అంతకు ముందు ఏడూ కట్టలేదు. అప్పటికి రేవులో ఉన్న మోకు రెండు వరదలు చూసింది, మూడోది రాబోతోంది. ఆమె రెండుసార్లు వెళ్ళి దడి బయట నిలబడి చెప్పింది. రెండోసారి నేనూ అక్కడే ఉన్నాను, ఆయన గుమ్మం తలుపు సరిచేస్తూ.

"పాతది ఉక్కులా ఉందే. నీ తాడు గట్టిదని నీకే నమ్మకం లేదేంటి?" అన్నారాయన నవ్వుతూ.

"తాడు గట్టిదేనండి. ఇసక అంతకన్నా గట్టిదండి."

"పేనడం నీ పని. కట్టడం నా పని. వెళ్ళు."

ఆ కొత్త మోకు ఎక్కడికి పోయిందో నా కళ్ళతో చూశాను. పెరట్లో రెండు గడ్డిమేట్లకి చుట్టి ఉంది, గాలికి గడ్డి లేవకుండా. ఎండుగడ్డికి కొత్త మోకు, మనుషుల ప్రాణాలకి పాతది.

శ్రావణంలో వరద వచ్చింది. పదకొండు మంది ఉండగా పాయ నడిమధ్యన మోకు తెగింది. బల్లకట్టు గిర్రున తిరిగి కొట్టుకుపోయి, కింద ఇసకమేటకి తగిలి ఒరిగింది. ఎనిమిది మందిని జాలరులు తీశారు. ముగ్గురు పోయారు. అందులో ఏలీయా ఒకడు. మూడో రోజున దొరికాడు. తెగిన మోకు అతని ముంజేతికి చుట్టుకునే ఉంది.

తొమ్మిదో రోజున పైనుంచి ఒక అధికారి విచారణకి వచ్చారు. రేవు పాకలో కుర్చీ వేశారు. తెగిన మోకు ఆయన కాళ్ళ దగ్గర పడేశారు. అప్పటికే కామరాజు గారు ఊరంతా ఒక మాట తిప్పారు, తాడు పేనడంలో లోపం అని. నాకు చదువు చెప్పినవాళ్ళు లేరు. సంతలో పొట్లాలు కట్టిన కాయితాలు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవాడిని. అది ఆ రోజు పనికొచ్చింది, ఎందుకూ పనికిరాకుండా.

కృపావతిని పిలిచారు. తెల్లచీర కట్టుకుని వచ్చి నిలబడింది.

"ఈ తాడు నువ్వు పేనిందేనా?" అని అడిగారు అధికారి.

కాదంటుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కాదంటే కాదని రుజువు చేసేదెవరు?

ఆమె వంగి, మోకుని వేళ్ళతో తడిమి చూసింది. "ఆయ్, నాదేనండి. నేను పేనిందేనండి. రెండు వరదలు దాటేక మూడో వరదకి కట్టేరండి. మార్చమని రెండుసార్లు చెప్పేనండి. కొత్తది ఇచ్చేనండి."

అధికారి వెంట వచ్చిన రైటరు రాశాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. నేను సాక్షిగా పక్కనే ఉన్నాను కాబట్టి తొంగిచూశాను. 'తాడు నేను పేనినదే' అని రాసి ఉంది. తర్వాత చుక్క. ఆ చుక్క తర్వాత ఏమీ లేదు.

"అయ్యా, మిగతాది రాయలేదండి," అన్నాను.

"నిన్ను పిలిచింది బల్లల గురించి. బల్లలు బాగున్నాయా?"

"బాగున్నాయండి. కొత్త మోకు గడ్డిమేటుకి…"

"బల్లలు బాగున్నాయని రాయండి," అన్నారు రైటరుతో. నేను కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే. ఆ కాయితం ఏ కట్టలోనో ఇవాళ్టికీ అలాగే ఉంటుంది, ఆ చుక్కతో.

ఆ తర్వాత ఊరు ఏం చేసిందో చెప్పాలి. ఆమె పేనిన తాళ్ళు కొనడం మానేసింది. మొగుణ్ణి మింగిన తాడు అన్నారు. ఆ మాట అన్న ఇళ్ళలో బావికి వేలాడుతున్న చేంతాళ్ళు ఆమె పేనినవే. అవి తెగలేదు, వాళ్ళు మార్చనూ లేదు. రేవు మోకు ఎక్కడినుంచో బండి మీద వచ్చేది.

వాడలోవాళ్ళంతా కామరాజు గారి పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళే. ఆయన ముఖం మాడ్చుకుంటే పొయ్యిలు వెలగవు. అందుకని ప్రార్థన అయ్యాక పాస్టరు వరప్రసాదం గారు ఒకనాడు ఆమె పాకకి వచ్చారు. మంచివాడే. కానీ భయస్తుడు. నేను వాసం మారుస్తూ పైన ఉన్నాను.

"అమ్మా, ఆయన దగ్గరకెళ్ళి తప్పయిందని ఒక్కమాట అనేసి రా. తగ్గించుకోవడం మనకి కొత్తేం కాదు కదా."

"తగ్గమంటే తగ్గుతానండి అయ్యగారూ. ఆయన వాకిట్లో ఎండలో నిలబడమన్నా నిలబడతాను. పేనడంలో తప్పని మట్టుకు అననండి."

"అంత పంతం ఎందుకమ్మా?"

"పంతం కాదండి. పేనడంలో తప్పని నేను ఒప్పుకున్నాననుకోండి, తాడు మార్చక్కర్లేదని తేలిపోతాది కదండి. రేపు మళ్ళీ పాతదే కడతారు. మళ్ళీ మనుషులు పోతారు. ఆ పాపం దేవుడు నన్నే అడుగుతాడండి."

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు.

ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఆమె ఓర్పు గురించి మెచ్చుకోని అరుగు మా ఊళ్ళో లేదు. పల్లెత్తు మాట అనదు, ఎంత వినయం అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆమె అనకపోవడమేమిటి? అధికారి ముందు అంది, పాస్టరు ముందు అంది, దడి బయట నిలబడి రెండుసార్లు అంది. వినకుండా ఊరుకున్నది వీళ్ళు. తమ చెవుడుకి ఆమె వినయమని పేరు పెట్టి, సుఖంగా చుట్ట కాల్చుకున్నారు.

ఆమె చేసిన పని ఎవరికీ తెలియదు, నాకూ వాడవాళ్ళకీ తప్ప. ఏటా ఎండాకాలంలో డొక్కలు కొట్టి, పొడుగు పీచు ఏరి, అరవై బారల రేవు మోకు పేనేది. ఎవరూ అడగలేదు. ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే కాసేపు కళ్ళు మూసుకుని మోకరించి, లేచి పనిలో కూర్చునేది. వరద తీసేదాకా ఆ మోకుని అటక మీద పొడిగా ఉంచేది. ఎవరూ రాకపోతే కార్తీకంలో దింపి, ముక్కలు చేసి, పలుపుతాళ్ళ కింద దూరపు ఊళ్ళలో అమ్ముకునేది.

"ఎవరి కోసం ఇదంతా? సిగ్గు లేకపోతే సరి, వీళ్ళ కోసమా?" అన్నాను ఒకసారి కోపం పట్టలేక.

"వరద వస్తాది కదండి. రేవుకి మోకు ఉండాలి కదండి," అంది. అది నాకు జవాబులా అనిపించలేదు. అప్పటికి.

యాభై మూడు శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంక సగం మునిగింది. నలభైమంది దాకా లంక గట్టున చేరి కేకలు పెడుతున్నారు. పాట ఇంకా కామరాజు గారిదే. మొదటి విడత ఎనిమిది మందిని దాటిస్తుండగా మోకులో ఒక పేట ఫట్టుమని తెగింది. లాగేవాడు, వాడలోని అప్పలరాజు, ఎలాగో మా ఒడ్డుకి చేర్చి, దిగి, గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఊఁ, ఇంకో విడత," అన్నారు కామరాజు గారు గొడుగు కింద నుంచి.

"ఎక్కనండి."

"ఏంట్రా?"

"కృపావతమ్మ మోకు కడితే ఎక్కుతానండి. లేదంటే మీరే లాగండి."

అప్పలరాజు పక్కనున్న ఇంకో ముగ్గురు కూడా ఆ మాటే అన్నారు. ఏడేళ్ళుగా తెలిసీ నోరు మెదపనివాళ్ళు. ప్రాణం మీదకొచ్చేసరికి ఎవరి తాడు నమ్మాలో వాళ్ళకి బాగా తెలుసు.

కామరాజు గారు మాతోపాటు ఆమె పాకకి నడిచి వచ్చారు. బురదలో.

"మోకు ఉందంట కదా," అన్నారు.

"ఆయ్, ఉందండి," అంది ఆమె, నిచ్చెన అటకకి ఆనిస్తూ.

నేను ఆగలేకపోయాను. "ముందు ఆ రోజు గడ్డిమేటుకి ఏం కట్టేరో ఇక్కడ అందరి ముందూ చెప్పమను. ఆ తర్వాత దింపు," అన్నాను.

"తాతబ్బాయి గారూ, నీళ్ళు పెరుగుతున్నాయండి. తిట్టేదేదో తర్వాత తీరిగ్గా తిట్టుకోండి. ముందా చివర పట్టుకోండి."

పట్టుకున్నాను. పన్నెండు మందిమి భుజాల మీద వేసుకుని రేవుకి తెచ్చాం. పాత మోకు విప్పించి, దాని కొసకి కొత్తదాన్ని ముడివేసింది. అవతలివాళ్ళని లాగమని కేకేసింది. పాతది అవతలికి పోతుంటే కొత్తది పాయ దాటింది. మోకు రాసుకుని అరగకుండా గుంజకి తడి గోనె చుట్టి దాని మీద కట్టమని వాళ్ళకి మూడుసార్లు చెప్పించింది. ఇవతల గుంజకి తనే కట్టింది. కట్టి, ఒళ్ళంతా బరువు వేసి లాగి చూసింది. మళ్ళీ చూసింది.

"పాతది ఆ లంకలోంచి తెచ్చేసి నాకివ్వండి, ముక్కలు చేస్తాను," అంది కామరాజు గారితో. "ఇంక దేనికీ కట్టకూడదండి."

ఆయన తల ఊపారు. అంతే. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు, ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. ఊరూ అనలేదు. రాయాల్సినవాళ్ళు రాయలేదు కాబట్టే నేను రాస్తున్నాను.

కృపావతి నీళ్ళలోకి దిగి, మోకు ఎత్తి అప్పలరాజు రెండు చేతుల్లో పెట్టింది.

"ఈ ఒక్క వరదకే," అంది. "వచ్చే ఏటికి ఇంకోటి పేనిస్తాను."

"ఆయ్," అన్నాడు అప్పలరాజు, బల్లకట్టు ఎక్కి లాగడం మొదలుపెడుతూ.