చంద్రుడి మీద పుట్టిన పావురం పిల్ల

మా ఆడపడుచు ఇంతిసార్‌కి కుదరబోయిన సంబంధం ఒక్క ఏడాది తేడాతో తప్పిపోయింది. చూడటానికి వచ్చినవాడు టీ తాగుతూ కువైట్‌లో ఏడేళ్ళు పనిచేశానన్నాడు. బస్బూసా మిఠాయి ముక్క నోట్లో వేసుకున్నాక ఎనిమిదేళ్ళన్నాడు. మా అత్తగారు పట్టించుకోలేదు, మామగారు పట్టించుకోలేదు, నా భర్త రిదా అసలు వినను కూడా లేదు. ఇంతిసార్ మాత్రం చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని, "ఆ మిగిలిన ఏడాది ఎక్కడున్నారండీ?" అని అడిగింది. అతని మొహం పాలిపోయింది. అతనికి అంతకుముందే ఒక పెళ్ళయి చెడిందని మాకు తర్వాత తెలిసింది.

ఆమె కళ్ళూ చెవులూ అలాంటివి. అలెగ్జాండ్రియాలో ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతుంది. ముందు రోడ్డు, పక్క అద్దాలు, వెనక అద్దం, పక్కన కూర్చున్న పిల్ల వణికే చేతులు అన్నీ ఒక్క చూపులో చూసేస్తుంది. కానీ ఆ చూపుకి అసలైన ఆనందం కార్టూన్లలో దొరికేది. అందులోనూ రాకెట్లు, రోబోలు, వేరే గ్రహాల మనుషులు ఉండే నవ్వుల బొమ్మల సీరియళ్ళు. చిన్నప్పుడు రిదా పక్కన నేలమీద బోర్లా పడుకుని చూస్తూ, "ఇందాక వాడి టోపీ నీటిలో పడిపోయింది కదా, మళ్ళీ నెత్తిమీదకి ఎలా వచ్చింది?" అనేదట. నలభై దాటినా మారలేదు.

ఆమెకి ఒక నియమం ఉండేది. సైన్సు తప్పులు పట్టేది కాదు. "చంద్రుడి మీద పావురాలు ఎగురుతాయని వాళ్ళంటే ఎగురుతాయి వదినా. నాకేం అభ్యంతరం? కానీ మొన్న ఎగరవని చెప్పి, ఇవాళ ఎగిరిస్తే మాత్రం ఊరుకోను. వాళ్ళ మాట మీద వాళ్ళు నిలబడాలి" అనేది.

ఒక ఏడాది రంజాన్‌లో 'మేడమీది గది' అనే కొత్త బొమ్మల సీరియల్ మొదలైంది. షాబాన్ అనే ఆయన మేడమీది గదిలో కాపురం ఉంటాడు, పక్కింట్లో ఉమ్ సుక్కర్ అనే ఆవిడ. బట్టలుతికే యంత్రానికి నీళ్ళు త్వరగా కాగాలని గ్యాస్ సిలిండర్ గొట్టం తగిలిస్తాడు. యంత్రం గిర్రున తిరిగి, గది మొత్తం, పెళ్ళాం, ముసలి తల్లి నబవియ్యా, పావురాల గూడుతో సహా చంద్రుడి మీద పడుతుంది. ఇఫ్తార్ అయిన గంటకి వచ్చేది. ఊళ్ళోనే బాకూస్ పేటలో మా కునాఫా మిఠాయి దుకాణంలో గోడకి టీవీ ఉంది. నెయ్యి వాసనకి వచ్చినవాళ్ళు టీవీ దగ్గర ఆగిపోయేవాళ్ళు.

మూడో రోజో నాలుగో రోజో ఇంతిసార్ పొట్లం కట్టించుకుంటూ, "ముసలామె చెప్పు ఒకటి కిందే పడిపోయింది కదా, ఇప్పుడు రెండు కాళ్ళకీ ఎలా ఉన్నాయి?" అంది.

వెనకనించి ఒక గొంతు, "ఆవిడ దగ్గర రెండు జతలున్నాయి" అంది.

ఆయన నసీం బిషాయ్, అందరికీ ఉస్తాజ్, అంటే మాస్టారు. పైవీధి బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మా కతాయెఫ్ కజ్జికాయలంటే ప్రాణం.

"రెండు జతలని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు మేడమ్. ఏ నాయనమ్మకైనా తొడుక్కోడానికి ఒక జత, మనవల మీదకి విసరడానికి ఇంకో జత ఉంటుంది."

దుకాణం మొత్తం నవ్వింది. ఇంతిసార్ కూడా నవ్వింది, కానీ కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. జీవితంలో మొదటిసారి తన ప్రశ్నకి ఎవరో పోటీగా జవాబు చెప్పారు.

ఆ రోజునించి అదొక ఆటయిపోయింది. ఆమె కన్నం చూపించేది, ఆయన పూడ్చేవాడు. గది బయట చప్పుడు వినిపించదని మొదట్లో చెప్పారు కదా, మరి నబవియ్యా వాకిట్లోంచి అరిస్తే అవతలి గోతిలో ఉన్నవాళ్ళకి ఎలా వినిపించిందని ఆమె అడిగింది. బట్టలారేసే తాడు గోతిదాకా కట్టి ఉంది, చప్పుడు తాడు పట్టుకుని పోయిందని ఆయన చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. "తాడు చివర వాళ్ళు చెవులు కట్టుకుని కూర్చున్నారా?" అని ఆమె దెప్పింది. "మీ డ్రైవింగ్ పాఠాలు విన్నవాళ్ళెవరికీ తాడు కూడా అక్కర్లేదు మేడమ్" అన్నాడాయన. ఎవరో ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. తెల్లారేసరికి ఊళ్ళో సగంమంది దాన్ని చూశారు. మరుసటి రోజు కునాఫా పొయ్యి ముందు నిలబడే చోటు లేదు. రిదా చెమటలు కక్కుతూ, "మీ ఇద్దరూ ఇలాగే కొట్టుకోండి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అన్నాడు.

పండగ దగ్గరపడింది. కథ కూడా చివరికొచ్చింది. యంత్రం ఈసారి వెనక్కి తిరిగి గదిని భూమ్మీదకి తెచ్చింది. అయితే కాలం కూడా వెనక్కి వెళ్ళి, వాళ్ళు ఎగిరిపోవడానికి ఒక గంట ముందు, అదే మేడమీద నీళ్ళ ట్యాంకు వెనక దిగారు. అక్కడ పాత గది ఇంకా అలాగే ఉంది. లోపల పాత షాబాన్ గొట్టం తగిలిస్తున్నాడు. తిరిగొచ్చిన షాబాన్ చూసి, "ఈ కష్టాలు మనవాళ్ళకి వద్దు, గొట్టం పీకేస్తా" అని పిల్లిలా నడుస్తాడు. అక్కడికి ఆపేసి, రేపటి ఆఖరి భాగంలోంచి చిన్న ముక్క చూపించారు. షాబాన్ చేతులు ఒక గొట్టాన్ని లాగుతాయి. తెర చీకటవుతుంది. తర్వాత నబవియ్యా అదే మేడమీద గది గుమ్మంలో కూర్చుని, చంద్రుడి మీద పుట్టిన నీలం పావురం పిల్లని ఒళ్ళో పెట్టుకుని గింజలు వేస్తుంటుంది.

పిల్లలందరూ హాయిగా నిట్టూర్చారు. ఇంతిసార్ మాత్రం చేతిలో చెంచా కింద పెట్టేసింది.

"గొట్టం పీకేస్తే గది ఎగరదు" అంది నెమ్మదిగా. "గది ఎగరకపోతే వాళ్ళు చంద్రుడి మీదకి వెళ్ళరు. వెళ్ళకపోతే ఈ పిల్ల ఎక్కడిది?"

అందరూ నసీం వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"గుడ్డు ఇక్కడినించే తీసుకెళ్ళారేమో."

"గుడ్డు అక్కడే పెట్టింది. పెడుతున్నప్పుడు నబవియ్యా దిష్టి కూడా తీసింది."

ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మేడమ్, దీనికి నా దగ్గర మట్టి లేదు" అన్నాడు.

ఆయన ఓడిపోయినందుకు ఆమె సంతోషించాలి. కానీ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. లేస్తుంది, కూర్చుంటుంది, నా చేయి పట్టుకుంటుంది. "వదినా, నెలరోజులనించి ఇన్ని ఇళ్ళల్లో నవ్వులు పూయించి, చివర్లో ఆ పిల్లని గాల్లోంచి పుట్టిస్తారా? వాళ్ళకి చెప్పాలి."

"చెప్తే వింటారా?"

"వినకపోతే వాళ్ళిష్టం."

సీరియల్ ఆఖర్న పేర్లతోపాటు వచ్చే ఫోన్ నంబరుకి అక్కడే, మా గల్లా పెట్టె దగ్గరే నిలబడి కొట్టింది. చాలాసేపటికి ఒక ఆడగొంతు పలికింది. ఆ సీరియల్ తీసిన దాలియా ఆవిడే. ఇంతిసార్ పావురం పిల్ల సంగతి చెప్పింది. ఆవిడ అంతా విని, "మీరు కునాఫా కొట్లో పోట్లాడే ఆవిడ కదూ?" అంది.

"అవునమ్మా."

"మా వాళ్ళందరూ మిమ్మల్ని చూస్తారు. చూసి వణుకుతారు." ఒక నిట్టూర్పు. "మీరు చెప్పింది నిజమే. మేం పది నెలలు దాన్నే చూస్తూ కూర్చున్నాం, ఎవరికీ తట్టలేదు. బొమ్మ ఇక మార్చలేను. శబ్దం మాత్రం రేపు మధ్యాహ్నం దాకా నా చేతిలోనే ఉంది. కైరో రాగలరా? ఆ పెద్దాయన్ని కూడా తీసుకురండి. కన్నం చూపించేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు, పూడ్చేవాళ్ళే లేరు."

ఉదయం రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ ప్రయాణం గురించి ఇద్దరూ ఎన్నిసార్లు చెప్పారో, నేనూ పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది నాకు. నసీం ఉపవాసం ఉండడు, ఆయన క్రైస్తవుడు. భార్య ఉడికించిన చిక్కుడుగింజలు కూరి కట్టిచ్చిన ఫూల్ రొట్టెలు సంచిలో ఉన్నాయి. దమన్‌హూర్ దాటేసరికి వాటి వాసన రైలు పెట్టె అంతా నిండింది.

"తినండి ఉస్తాజ్, నేనేమీ అనుకోను."

"మీరు నోరు కట్టుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగదు మేడమ్. ఇంతకీ, ఆ పిల్లకి కాలం వర్తించదు అందామా? పావురాలకి దారులు గుర్తుంటాయి కదా."

"ఇంటి దారి గుర్తుంటుంది. పుట్టకముందు పుట్టడం గుర్తుండదు."

"పోనీ, కలగా చేసేస్తే?"

"అలా చేస్తే తిరుగు రైలెక్కేస్తాను."

తంతా దాటింది. బన్హా దగ్గరపడింది. ఇంతిసార్ కిటికీలోంచి మేడల వైపు చూస్తోంది. ప్రతి మేడమీదా ట్యాంకులు, పావురాల గూళ్ళు, ఒకదాని పక్కన ఒకటి ఇరుగుపొరుగు గదులు. హఠాత్తుగా ఆయన మోచేతి మీద ఒక్కటి చరిచింది.

"గొట్టం పీకాడు సరే. ఎవరి గొట్టం?"

నసీం సంచి పక్కన పెట్టి ముందుకి వంగాడు. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పెట్టెలో వాళ్ళందరూ తిరిగి చూశారట.

దాలియా స్టూడియో కైరోలో దొక్కీ అనే పేటలో ఒక అపార్ట్‌మెంటు. పట్టుమని పదిమంది, కళ్ళకింద నల్లటి చారలు. ఇంతిసార్ కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. షాబాన్ కంగారులో పక్కింటివాళ్ళ గొట్టం పీకాడు. అంటే పాత గది ఎగిరిపోయింది, పాత కుటుంబం చంద్రుడి మీదకి పోయింది, పిల్ల అక్కడే పుడుతుంది. తిరిగొచ్చిన కుటుంబం తమ గదిలో పిల్లతో కూర్చుంది. పాతదీ తిరిగొచ్చినదీ రెండు గదులున్నాయి కాబట్టి ఎవరి గది వాళ్ళదే.

"చీకట్లో ఒక్క కేక చాలు" అన్నాడు నసీం. "పక్కింటావిడ కేక. తర్వాత గది ఎగిరిన మోత."

దాలియా గోడకి చేరగిలబడి నవ్వుతూ ఉండిపోయింది. నవ్వు ఆగాక ఆమెకి గుర్తొచ్చింది. పక్కింటి ఉమ్ సుక్కర్‌కి గొంతిచ్చిన నటి పండక్కి అస్యూత్ వెళ్ళిపోయింది. ఫోను ఎత్తడం లేదు.

"ఎలా అరవాలో ఒకసారి చెప్పండి, మా అమ్మాయిల్లో ఎవరో ఒకరు అలా అరుస్తారు" అంది దాలియా.

ఇంతిసార్ మైకు ముందు నిలబడింది. ఎర్రలైటు దగ్గర బ్రేకు తొక్కని పిల్లల మీద ఇరవై ఏళ్ళుగా అరిచిన గొంతు అది. "ఒరే షాబానూ, నువ్వు పీకింది మా సిలిండర్ గొట్టంరా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? అటు చూడు, మీ గది ఎగిరిపోయింది!"

అద్దం అవతల శబ్దం చూసే కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసేసి చెవులు రుద్దుకున్నాడు. "రికార్డయింది. నేను ఇంకెవరినీ పిలవను" అన్నాడు.

ఆ సాయంత్రం మా దుకాణం ముందు ట్రామ్ పట్టాల దాకా జనం. ఇంతిసార్ ఏమీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కానీ కుదురుగా ఒకచోట నిలబడలేదు, నాలుగుసార్లు కౌంటరు తుడిచింది. తెరమీద షాబాన్ గొట్టం లాగాడు. చీకటి. ఆ చీకట్లోంచి మా ఆడపడుచు గొంతు గోడలదిరేలా వచ్చింది. వెనకే రాకెట్ మోత.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆమె దగ్గర కారు నేర్చుకున్న పిల్ల ఒకతె, "అయ్యో, మా మేడమ్" అని కెవ్వుమంది. ఇక చూడండి. కుర్చీలు పడ్డాయి. రిదా పిండిచేతులతోనే వచ్చి చెల్లెల్ని కౌగిలించుకున్నాడు. ఆమె నల్ల కోటు వీపంతా తెల్లగా అయింది. నేను ఏడ్చానో నవ్వానో నాకు తెలీదు.

సీరియల్ చివర్లో మేడమీద అందరూ చేతులూపుతున్నారు, పేర్లు వస్తున్నాయి. అప్పుడు నసీం చేయెత్తాడు.

"మేడమ్ ఇంతిసార్."

"చెప్పండి."

"ఉమ్ సుక్కర్ గొట్టం పీకేశారు కదా."

"పీకేశారు. నేనే చెప్పాను."

"మరి ఆ కిటికీలో ఆవిడ తామియా వడలు దేనిమీద వేయిస్తోంది?"

తెర మూలన, చిన్న కిటికీలో, ఉమ్ సుక్కర్ బాణలి ముందు నిలబడి ఉంది. నూనె బుసబుసలాడుతోంది. చీకటి ముక్క తప్ప ఆ చివరి దృశ్యం స్టూడియోలో వాళ్ళకి చూపించనే లేదు.

ఇంతిసార్ తెరవైపు చూసింది. నసీంవైపు చూసింది. అంత ఆనందం ఆమె మొహంలో నేను పండగలకి కూడా చూడలేదు.

"కిరసనాయిలు స్టవ్వు" అంది.

"ఎక్కడిది?"

"అటక మీదిది. వాళ్ళ అత్తగారిది. గ్యాస్ పోయినప్పుడు దించుతారు. మీ ఇంట్లో లేదా?"

"ఇంత త్వరగా దించి, పంపు కొట్టి, నూనె కాచిందా?"

"ఆకలేస్తే ఎవరైనా త్వరగానే కాస్తారు ఉస్తాజ్. ఆకలేసినా పగలంతా ఆ రొట్టెలు ముట్టని మనిషి మీరు, మీకెలా తెలుస్తుంది?"

చప్పట్లు ఆమెకే పడ్డాయి. నసీం లేచి తలవంచాడు. అప్పటికీ వదలకుండా, పంపు కొట్టే స్టవ్వు చప్పుడు వినపడాలి కదా అని గొణుగుతూనే ఉన్నాడు.

పండగ వెళ్ళిన నెలకి దాలియా ఫోన్ చేసింది. వచ్చే ఏడాది భాగాలన్నీ బొమ్మ గీయకముందే ఇద్దరూ చదవాలని అడిగింది. ఇంతిసార్ కన్నాలు చూపిస్తుంది, నసీం పూడుస్తాడు, పేర్లలో ఇద్దరివీ వేస్తారు. నసీం మొదట ఒప్పుకోలేదు. ముందే చదివేస్తే చూసేటప్పుడు మజా ఉండదన్నాడు. "మీరు పూడ్చకపోతే నేను రాసినవాళ్ళ పక్షాన కూడా వాదించుకోవాలి, నావల్ల కాదు" అని ఇంతిసార్ ఇంటికెళ్ళి మరీ ఒప్పించింది. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి, "తీసుకుపోమ్మా ఈయన్ని, ఇంట్లో నా మాటల్లో కూడా కన్నాలు పూడుస్తున్నాడు" అందట.

కారు పాఠాలు మాత్రం మానలేదు. మొదటి భాగం ఫోన్లోకి వచ్చిన రోజు ఆమె సముద్రం ఒడ్డున కార్నీష్ రోడ్డు మీద ఒక కొత్త పిల్లకి నేర్పుతోంది. బండి పక్కన ఆపించి, ఒక్క పేజీ చూసి పెట్టేస్తానంది. ఆ ఒక్క పేజీలోనే ఆమెకి ఏదో దొరికింది. పిల్ల అప్పుడే మళ్ళీ బండి కదిలించింది. ఇంతిసార్ తనవైపు ఉండే బ్రేకుని ఎగిరి తొక్కింది.

"ఏం తప్పు చేశాను మేడమ్?" అని పిల్ల బిక్కమొహం పెట్టింది.

"నువ్వు కాదు తల్లీ" అంది ఇంతిసార్, అప్పటికే నసీం నంబరు నొక్కుతూ. "అంగారకుడి మీద వాళ్ళకి రెండు తలుపులున్నాయి, తాళం ఒకటే ఉంది."