టాక్సీ దీపాలకు స్కీ మైనం

సైమి గురించి అడిగితే మా ఊరు కుయ్వసల్మిలో ముందు ఆమె నోటి గురించి చెబుతారు, తర్వాత ఆమె టాక్సీ గురించి. మా ఊరి పిల్లల్ని నలభై కిలోమీటర్ల అవతల ఉన్న బడికి ఇరవై తొమ్మిదేళ్లుగా తిప్పుతున్నది ఆమే. ఆ బడిలో నేను వంటమనిషిని. నాకు డ్రైవింగ్ రాదు, ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కాబట్టి టాక్సీలో ముందు సీటు నాది, తిట్లలో మొదటి వాటా కూడా నాదే. రోడ్డుకు అడ్డంగా రెయిన్‌డీర్ నిలబడితే సైమి దాన్ని ఏమీ అనదు. చెవి గాటు చూసి అదెవరిదో పోల్చుకుని, ఆ యజమానిని పేరు పెట్టి తిడుతుంది.

కిందటి ఆకురాలు కాలంలో పాత బండి మూలపడింది. కొత్త బండి ఎల్ఈడీ హెడ్‌లైట్లతో వచ్చింది. ఆ వెలుగు చూడటానికి ఊళ్లో సగం మంది కాఫీ కప్పులతో బయటికొచ్చి నిలబడ్డారు. సైమి ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఆ మురిపెం మంచు పడేదాకానే. పాత బల్బు వేడెక్కేది, ఆ వేడికి దీపం అద్దం మీద పడ్డ మంచు కరిగి కారిపోయేది. ఈ కొత్త దీపం వెలుగు ఇస్తుంది గానీ దాని అద్దం చల్లగానే ఉంటుంది. పది కిలోమీటర్లు వెళ్లేసరికి మంచు పేరుకుపోయి, రోడ్డు కనిపించడం మానేస్తుంది. ఆగాలి, దిగాలి, తుడవాలి, మళ్లీ ఎక్కాలి.

"అచ్చం మా ఆయనే! వెలుగంతా ఊరికి, ఇంట్లో మాత్రం వెచ్చదనం లేదు," అనేది సైమి చేతి తొడుగులు దులుపుకుంటూ.

నవ్వుకున్నాం గానీ, అలా ఆగి ఆగి వెళ్లడంలో క్రిస్మస్ లోపే రెండుసార్లు బడికి ఆలస్యమైంది. మున్సిపాలిటీ వాళ్ల నిబంధన ఒకటుంది. ఒక చలికాలంలో మూడుసార్లు ఆలస్యమైతే ఆ ట్రిప్పు పట్నం కంపెనీకి పోతుంది. సైమికి ఈ పని పోతే ఏం మిగులుతుందో నాకు తెలుసు. ఆమెకు పిల్లల్లేరు. ఉన్నదల్లా పొద్దున్నే వెనక సీట్లలో కొట్టుకునే ఆ ఐదుగురే.

ఆమె భర్త పేరు తైస్తో. ఒకప్పుడు జిల్లా జట్టు స్కీలకు, మంచు మీద బాగా నడిచేలా, మైనం పూసేవాడు. లోకంలో ఏ కష్టానికైనా తగిన మైనం ఉంటుందని ఆయన నమ్మకం. జనవరి చివర్లో, బడిలో స్కీ పందేల రోజుకు ముందు సాయంత్రం, నేను వాళ్లింట్లో ఉండగానే ఆయనకో ఆలోచన వచ్చింది.

"స్కీకి మంచు అంటకుండా చేసినవాణ్ణి, ఆ దీపాలకి అంటకుండా చెయ్యలేనా?"

"చేస్తావు. కాకపోతే కుర్చీలోంచి లేవాలి కదా, అదే చూస్తున్నా," అంది సైమి.

లేచాడు. బడి పిల్లల స్కీలు ముప్పై జతలు ఎలాగూ షెడ్డులో ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. వాటి పని ముగించి, అదే ఊపులో టాక్సీ దీపాలకూ పూసి, ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు. తెల్లారకముందే స్కీలన్నీ స్నోమొబైల్ బండిలో వేసుకుని గడ్డకట్టిన చెరువు మీదుగా బడికి వెళ్లిపోయాడు.

మేం ఎనిమిదింటికి బయలుదేరాం, బడి తొమ్మిదింటికి. ఇంకా చీకటే. చలి పెద్దగా లేదు, అందుకే మంచు ముద్దలు ముద్దలుగా పడుతోంది. నాలుగు కిలోమీటర్లకే దీపాలు మసకబారాయి. సైమి దిగి తుడిచింది. మరో మూడు కిలోమీటర్లకు పూర్తిగా మూసుకుపోయాయి. ఈసారి ఎంత తుడిచినా రాలేదు. నేనూ దిగాను. సైమి తొడుగు తీసి అద్దం మీద బొటనవేలు పెట్టింది. వేలు అతుక్కుంది. వాసన చూసుకుంది.

"తారు వాసన," అంది. "ఓరి నీ మొహం మండా! పట్టు మైనం పూశాడు!"

మాకు పట్టు మైనం వేరు, జారుడు మైనం వేరు. మొదటిది తారు కలిపి చేసింది, స్కీ నడిమికి పూస్తాం, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా మంచును పట్టుకోవడానికి. రెండోది మంచు అంటకుండా జారిపోవడానికి. ముప్పై జతలకు అదే పూసిన చెయ్యి, తానేం చేస్తోందో చూసుకోకుండా దీపాలకూ అదే పూసింది. మంచును వదలగొట్టమంటే, రమ్మని పిలిచి కౌగిలించుకునే ఏర్పాటు చేశాడు మహానుభావుడు.

వెనక పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను. సైమి మాత్రం నవ్వలేదు.

"ఇది మూడోది," అంది మెల్లగా. ఆ గొంతు విని నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

పిల్లలకూ ఆ నిబంధన తెలుసు. ఎవరూ చెప్పకుండానే సంచులు తెరిచారు. పందెం రోజు కదా, ప్రతి సంచిలో మైనం గీకే చెక్క ఉంది. ఐదుగురూ రోడ్డు మీదికి దూకి దీపాల మీద పడ్డారు.

"అలా కాదురా, ఏటవాలుగా గీకు!"

"మీ నాన్న నేర్పాడా? అందుకేనా పోయినేడు ఆఖరున వచ్చావు?"

వాళ్లలో పెద్దది విల్మా, పన్నెండేళ్లది. తన జారుడు మైనం తీసి రెండు అద్దాలకూ అరిగేదాకా రుద్దింది.

"అది నీ పందేనికి కదే," అంది సైమి.

"మామ్మా, నువ్వు బండెక్కు," అంది విల్మా.

బయలుదేరాం. మంచు వచ్చి అద్దానికి తగులుతోంది, జారిపోతోంది. తగులుతోంది, జారిపోతోంది. పిల్లలు ప్రతి మలుపులో కేకలు పెట్టారు. ఆ రోడ్డు మీద నాకెప్పుడూ అంత సంతోషం కలగలేదు. కానీ గడియారం ఎవరి కోసమూ ఆగదు. బడి ముందు ఆగేసరికి తొమ్మిది దాటి పదకొండు నిమిషాలు.

తైస్తో పరుగెత్తుకొచ్చాడు. "ఎలా ఉన్నాయి దీపాలు?"

టాక్సీలోంచి ఐదు నవ్వులు ఒక్కసారి బయటపడ్డాయి. సైమి ఆయన వైపు చూడనైనా చూడలేదు. పందెం గీత దగ్గర పిల్లలంతా స్కీలు తొడుక్కుని వరసగా నిలబడి ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్ ఆయ్లి జెండా ఎత్తి పట్టుకుని ఉంది. ఆమె టోపీ మీద, భుజం మీద, ఎత్తిన చేతి మీద మంచు పేరుకుపోయింది.

"రాసుకో ఆయ్లీ. పదకొండు నిమిషాలు," అంది సైమి.

"ఏం రాసుకోను? ఇవాళ గంట లేదు. జెండా దిగితేనే బడి మొదలు. తొమ్మిదింటికి ఎత్తాను, ఇంకా దించలేదు."

"పదకొండు నిమిషాలు అలాగే పట్టుకున్నావా?"

"చాల్లే, పిల్లల్ని వరసలోకి తోలు!"

ఐదుగురూ పరుగెత్తి స్కీలు తొడుక్కుని వరసలో చేరారు. ఆయ్లి జెండా దించబోయింది. చెయ్యి కదల్లేదు, కొయ్యబారిపోయింది. పిల్లలంతా ఆ చేతి వంకే చూస్తున్నారు. సైమి వెళ్లి, ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా కిందికి దించింది.